సీమకేగి సమాజశాస్త్రము చదివినవారు

పరదేశపు విశ్వవిద్యాలయములకు పిల్లలను పంపుట నేడు మన కుటుంబములలో వింత కాదు. వైద్యమునకో, యంత్రశాస్త్రమునకో పోవుచున్నారనిన బంధువులు సంతసింతురు. సమాజశాస్త్రము చదువుటకు పోవుచున్నారనిన మాత్రము ఒక నిమిషము ఎవరును మాటాడరు. పిదప ఒక పెద్ద అడుగును: “మనుష్యులు ఎట్లు బ్రదుకుచున్నారో తెలిసికొనుటకు సముద్రము దాటవలెనా? మన వీధి అరుగు మీద కూర్చుండి చూచిన తెలియదా?”

హాస్యమునకు అడిగినను ఇది న్యాయమైన ప్రశ్నయే. మేము మెట్రిక్యులేషనుకు పైన చదివినవారము కాము. తాలూకా కచేరిలో గుమాస్తాగా ముప్పది యేండ్లు కాగితములు వ్రాసి విశ్రాంతి గైకొన్నవారము. అయినను ఆ ప్రశ్న మా ఇంటనే వినబడిన పిదప, ఈ విద్యకై మన దేశము నుండి వెళ్లినవారి చరిత్రలను ఓపికతో చదివితిమి. తెలిసినంత ఇచట విన్నవించుచున్నాము.

ముందుగా ఆ శాస్త్రమెట్టిదో రెండు మాటలు. వానలకును గ్రహణములకును ఒక క్రమము ఉన్నట్లే, మనుష్యులు కలిసి జీవించుట యందును ఒక క్రమము కలదనియు, దానిని చూచి, అడిగి, లెక్కించి తెలిసికొనవచ్చుననియు నమ్మినవారు దీనిని ఏర్పరచిరి. పేరు ప్రచారములోనికి తెచ్చినవాడు ఫ్రాన్సు దేశస్థుడగు ఆగస్టు కోంతు. 1892లో అమెరికాయందు చికాగో విశ్వవిద్యాలయమున దీనికొక ప్రత్యేక శాఖ వెలసెను. లండను ఎకనామిక్సు స్కూలులో 1907లో హాబ్‌హౌసు పండితుడు ఈ శాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. మన దేశమున బొంబాయి విశ్వవిద్యాలయమందు పాట్రిక్ గెడ్డెసు అను స్కాట్లండు పండితుని ఆధ్వర్యమున 1919లో శాఖ తెరవబడెను.

అంతకు ముందు మనలను గూర్చి పుస్తకములు లేకపోలేదు. ఎడ్గార్ థర్‌స్టను దొర రంగాచారిగారి సహాయముతో దక్షిణదేశపు కులములను గూర్చి 7 సంపుటములు 1909లో మద్రాసున ప్రకటించెను. మన తాతలు వాని యందు వర్ణింపబడిరి. తలల కొలతలు, ముక్కుల కొలతలు సైతము అందు కలవు. కచేరిలో సామానుల జాబితా వ్రాయుట మాకు అలవాటే గనుక ఆ పద్ధతి మాకు క్రొత్తగా తోచలేదు. వ్రాసినవారు అధికారులు, వ్రాయబడినవారు మనము. మనవారు కొందరు సీమకేగి ఆ విద్యను తామే నేర్చి వచ్చిన పిదప ఈ వరుస మారినది.

వారిలో మొదట చెప్పదగినవాడు డాక్టరు భీమరావు అంబేద్కరు. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు ఇచ్చిన విద్యార్థి వేతనముతో 1913లో న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున చేరెను. అప్పటికి ఆయనకు 22 ఏండ్లు. ముఖ్యముగా చదివినది అర్థశాస్త్రమే అయినను, ఫ్రాంక్లిను గిడింగ్సు ఆచార్యుని వద్ద సమాజశాస్త్ర పాఠములు వినెను. 1916 మే 9వ తేదీన గోల్డెన్‌వైజరు పండితుని గోష్ఠిలో భారతదేశపు కులములను గూర్చి ఒక వ్యాసము చదివెను. మరుసటి ఏట అది ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో అచ్చయ్యెను. కులమునకు ప్రాణము వృత్తి గాదు, మడియు గాదు, తన గుంపులోనే పెండ్లి చేసికొనవలెనను కట్టుబాటే యని ఆయన వాదము. ఆ కట్టుబాటు నిలువవలెననిన గుంపులో స్త్రీ పురుషుల సంఖ్య సరిపోవలెను. భర్త పోయిన స్త్రీయు, భార్య పోయిన పురుషుడును మిగిలిపోదురు. వారినేమి చేయవలెనను చిక్కు నుండియే సహగమనము, వైధవ్య నియమము, బాల్యవివాహము పుట్టినవని ఆయన తర్కించెను.

పరభాషా ప్రాంతమున స్థిరపడి, ఒక సంబంధము కొరకు వందల మైళ్ల దూరమునకు జాబులు వ్రాసిన మన కుటుంబముల వారికి ఈ తర్కము పుస్తకము చదువకయే బోధపడును. మన మాట మారినది, తిండి కొంత మారినది, ఇంటిపేరు పలుకు తీరును మారినది. పెండ్లి కట్టుబాటు మాత్రము చిరకాలము కదలలేదు.

అంబేద్కరు 1917లో బరోడా కొలువునకు వచ్చినప్పుడు ఆయనకు ఊరిలో బస దొరకలేదు. ఒక పార్సీ సత్రమున పార్సీ పేరు వ్రాయించుకొని దిగెను. సంగతి తెలిసి కర్రలు పట్టుకొని వచ్చినవారు ఆయనను వెడలగొట్టిరి. ఈ వృత్తాంతమును ఆయనయే తరువాత వ్రాసి యుంచెను. న్యూయార్కులో చదువుకొన్న విషయము బరోడాలో ఆయన ఎదుట నిలిచి యుండెను.

రెండవవాడు గోవింద సదాశివ ఘుర్యే. కొంకణ తీరమందలి మాల్వణమున 1893లో పుట్టి, కొంతకాలము గుజరాతీవారి నడుమ జునాగఢులో చదివెను. గెడ్డెసు పండితుడు ఈయనను ఎన్నుకొనగా, బొంబాయి విశ్వవిద్యాలయపు వేతనముతో 1920లో ఇంగ్లండునకు వెళ్లెను. లండనులో హాబ్‌హౌసు వద్ద కొలదికాలమే చదివి, కేంబ్రిడ్జియందలి రివర్సు ఆచార్యుని శిష్యుడయ్యెను. ఈ రివర్సు మన దక్షిణదేశమునకు పరిచితుడే. 1901, 1902 సంవత్సరములలో నీలగిరులకు వచ్చి తోడవారిని గూర్చి పరిశోధించి, 1906లో గ్రంథము ప్రకటించినవాడు. అంతకు ముందే, 1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరమున నున్న దీవులలో, వంశావళిని బట్టి సమాజమును తెలిసికొను పద్ధతిని కల్పించెను. ఒక్కొక్కరిని కూర్చుండబెట్టి తల్లి యెవరు, తండ్రి యెవరు, వారి తోబుట్టువులెవరు, వారు ఎవరిని పెండ్లాడిరి, ఎవరిని ఏమని పిలుతువు అని అడిగి వ్రాసికొనుటయే ఆ పద్ధతి. దీనిని చదివినప్పుడు మాకు పిచ్చిగుంట్లవారు జ్ఞాపకము వచ్చిరి. ఇంటిముందు నిలిచి ఏడు తరముల వంశమును వల్లించిన ఆ జనులకు ఏ విశ్వవిద్యాలయమును పట్టము నీయలేదు. అయితే వారు వల్లించినది దాతల కీర్తి కొరకు. రివర్సు వ్రాసికొన్నది, ఆ పేర్ల వెనుక నున్న పెండ్లి నియమమేదో పట్టుకొనుట కొరకు. భేదము అచటనే యున్నది.

రివర్సు 1922లో అకస్మాత్తుగా మరణించెను. ఘుర్యే హాడను పండితుని పర్యవేక్షణలో పని ముగించి, 1923లో తిరిగి వచ్చి, మరుసటి ఏట బొంబాయి శాఖకు అధిపతి అయ్యెను. కులమును గూర్చి ఆయన వ్రాసిన ప్రసిద్ధ గ్రంథము 1932లో వెలువడెను. భారత సమాజశాస్త్ర సంఘమును 1951లో స్థాపించినవారిలో ఆయన ముఖ్యుడు. సీమలో గడపినది మూడేండ్లు; వచ్చి పాఠములు చెప్పినది మూడు పదుల ఏండ్లకు పైగా. ఆయన శిష్యులే దేశమందలి పెక్కు శాఖలకు పెద్దలైరి. ఇప్పుడు చెప్పబోవు ఇద్దరును మొదట ఆయన వద్ద చదివినవారే.

ఇరావతీ కర్వే 1905లో బర్మాదేశమున మింజాను అను ఊర పుట్టెను. తండ్రి అచట ఇంజనీరు. ఆ దేశపు మహానది పేరే ఆమెకు పెట్టిరి. బొంబాయిలో ఘుర్యే వద్ద చదివి, 1928లో జర్మనీ రాజధాని బెర్లినుకు వెళ్లెను. స్త్రీవిద్య కొరకు జీవితమంతయు ధారపోసిన ధోండో కేశవ కర్వే ఆమెకు మామగారు. కోడలు సీమకు పోవుట ఆయనకే సమ్మతము కాలేదు! భర్త దినకరరావుగారు పట్టుబట్టి పంపిరి. బెర్లినులో ఆమెకు గురువు యూజెను ఫిషరు. మనుష్య జాతులలో ఎక్కువ తక్కువలు పుట్టుకతోనే కలవనియు, అవి పుర్రె కొలతలలో కనబడుననియు ఆ గురువు నమ్మకము. శిష్యురాలు పుర్రెలను కొలిచి చూచి, ఆ నమ్మకమునకు ఆధారము కనబడలేదని తన సిద్ధాంత గ్రంథమున వ్రాసెను. అట్లు వ్రాసియే 1930లో డాక్టరు పట్టము గైకొనెను. 1933 తరువాత ఆ దేశములో ఆ నమ్మకమే రాజనీతియై ఎన్ని ప్రాణములు తీసినదో లోకము ఎరుగును. పరదేశపు గురువు చెప్పినదెల్ల వేదమని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

ఆమె తరువాత పుణెలో దక్కన్ కళాశాలయందు పనిచేయుచు, దేశమంతయు తిరిగి, బంధుత్వములను గూర్చి 1953లో ఒక మహాగ్రంథము ప్రకటించెను. మన సంఘముల వారు తప్పక తెలిసికొనదగిన గ్రంథమది. దేశమును ఆమె బంధుత్వరీతిని బట్టి నాలుగు మండలములుగా విభజించెను. ఆంధ్ర, కర్ణాటక, తమిళ, కేరళ ప్రాంతములు దక్షిణ మండలము. మహారాష్ట్రమును ఒడిశాయు మధ్య మండలమున చేరినవి. దక్షిణమున మేనమామ కూతురు, మేనత్త కూతురు, పెక్కు కులములలో అక్క కూతురు కూడ వరుసైన పిల్లలే. అందువలననే మన భాషలో మేనమామయు ‘మామ’యే, పిల్లనిచ్చినవాడును ‘మామ’యే, మేనత్తయు ‘అత్త’యే, భర్త తల్లియు ‘అత్త’యే. అమ్మమ్మ ఇంటికే కోడలిగా పోయిన పిల్లకు అత్తవారిల్లు పరాయి ఇల్లు కాదు. ఉత్తరాదిన కోడలు ముక్కు మొగము తెలియని ఇంటికి పోవును. అచటి భాషలో పుట్టింటి చుట్టములకు వేరు మాటలు, అత్తింటి చుట్టములకు వేరు మాటలు.

ఇప్పుడు బరంపురమందలి తెలుగు కుటుంబమును తలచుకొనుడు. పొరుగున నున్న ఒడియా కుటుంబములలో సాధారణముగా మేనరికము నిషిద్ధము. మేనమామ కూతురు చెల్లెలితో సమానము. మన ఇంట అది శుభలేఖ అచ్చువేయించు సంబంధము. మహారాష్ట్రమున పెక్కు కులములలో మేనమామ కూతురిని చేసికొనుట కలదు గాని మేనత్త కూతురిని చేసికొనుట లేదు. షోలాపురపు నేతపనివారి ఇండ్లలోను, బొంబాయి కామాటిపురమున తరతరములుగా నున్నవారి ఇండ్లలోను ఈ భేదము పొరుగువారి నోట పలుమారు వినబడియే యుండును. ఇరుగుపొరుగులు నవ్వుకొని విడిచిన ఈ భేదము దేశమును రెండు మండలములుగా చీల్చు గీత యని ఇరావతీ కర్వే చూపించెను. మనము ఆ గీత మీదనే కాపురములు పెట్టితిమి.

ఇచట ఒక సంగతి మా దృష్టికి వచ్చినది. అంబేద్కరు మరాఠీ కుటుంబమున పుట్టినను, తండ్రి సైన్యపు కొలువు వలన మధ్య భారతమందలి మౌ దండులో పుట్టెను. ఘుర్యే చదివినది గుజరాతీ సీమలో. ఇరావతీ కర్వే పుట్టినది బర్మాలో. ఇక శ్రీనివాసుగారు మైసూరు నగరములో స్థిరపడిన తమిళ కుటుంబమువారు. నలుగురును ఏదో ఒక వయస్సున తమ భాష వారు కాని వారి నడుమ మసలినవారే. కాకతాళీయమే కావచ్చును. కాని చుట్టునున్నవారి ఆచారము తన ఇంటి ఆచారము కాదని చిన్ననాడే గమనించినవానికి, ఏ ఆచారమును ‘ఇది లోకసహజము’ అని తోచదు. ఆ అలవాటు మన పిల్లలకును ఉన్నది.

మైసూరు నరసింహాచారు శ్రీనివాసుగారు 1916లో జన్మించిరి. పూర్వులది అరకెరె గ్రామము. పిల్లల చదువులకై కుటుంబము మైసూరు చేరెను. ఇంట తమిళము, వీధిలో కన్నడము, కళాశాలలో ఇంగ్లీషు. వారి ఇంటి వెనుక బండికేరి యను పేట కలదు. అచట కురుబలు నివసించెడివారు. ఇంటి ముంగిలి ఒక లోకము, పెరటి వెనుక వేరొక లోకము. ఆ తిండి, ఆ జగడములు, ఆ పలుకుబడి, ఆ దేవతలు అన్నియు బాలునకు వింతయే. సమాజశాస్త్రజ్ఞులు దూరదేశములకేగి పొందు దిగ్భ్రమను తాను వీధి దాటియే పొందితినని ఆయన వృద్ధాప్యమున వ్రాసిరి. మన పెద్దల ప్రశ్నకు ఇది సగము సమాధానము: చూచుటకు వీధియే చాలును.

మిగిలిన సగము ఆక్స్‌ఫర్డులో ఉన్నది. ఘుర్యే వద్ద చదివి, కొడగువారిని గూర్చి విషయములు పోగుచేసి, పెద్ద గ్రంథము వ్రాసియే ఆయన 1945లో ఆక్స్‌ఫర్డు చేరిరి. రాడ్‌క్లిఫ్ బ్రౌను అను ఆచార్యుడు ఆ విషయములనే మరల పరిశీలింపుమని చెప్పెను. ఈ పండుగ ఎందుకు, ఈ నియమము ఎందుకు అని విడివిడిగా అడుగక, ఒకటి మరియొకదానిని ఎట్లు నిలుపుచున్నదో చూడుమని ఆ గురువు బోధ. విషయములు కొడగువి, వ్రాసినది మైసూరువాడు. వానిని అమర్చుకొను చూపు మాత్రము అచట లభించినది. 1947లో పట్టము వచ్చెను, 1952లో గ్రంథము వెలువడెను. తక్కువగా ఎంచబడు కులము ఒకటి రెండు తరములలో మాంసము, మద్యము విడిచి, పైవారి పూజలను, ఆచారములను అవలంబించి, తన మెట్టు పైకి జరుపుకొనుటకు యత్నించుట అందు వివరింపబడెను. దానికి ఆయన ‘సంస్కృతీకరణము’ అని పేరిడిరి. మన కులసంఘముల పాత తీర్మానముల పుస్తకములు చూచినవారు ఈ మాటను విని చిరునవ్వు నవ్వక మానరు.

రాడ్‌క్లిఫ్ బ్రౌను తరువాత పీఠమెక్కిన ఇవాన్సు ప్రిచర్డు, భారత సమాజశాస్త్రమును బోధించుటకు ఆక్స్‌ఫర్డులో ఒక ఉద్యోగమిచ్చి, మొదటి ఏడు మన దేశపు పల్లెలో గడపుటకు శ్రీనివాసుగారికి అనుమతి నిచ్చెను. అట్లు 1948లో మైసూరు ప్రాంతమందలి ఒక గ్రామమున, పటేలుగారి ఎద్దుల కొట్టమున్న ఇంట బస చేసిరి. పుస్తకములలో ఆ ఊరికి రాంపురమను మారుపేరు పెట్టిరి. ఊరివారు ఆయన బ్రాహ్మణ్యమును ఆయనకంటె ఎక్కువ జాగ్రత్తగా కాపాడిరట! ఎవరి ఇంట కూర్చుండవలెను, ఎచట భుజింపవలెను అనునది చదువుకొని వచ్చిన పండితుని ఇష్టమునకు వదలలేదు. సంఖ్య, భూమి, పలుకుబడి గల కులము ఊరిని నడపు తీరును అచటనే గ్రహించిరి. నేడు ప్రతి పత్రికలోను కనబడు ‘ఓటు బ్యాంకు’ అను మాటను 1955లో ఒక వ్యాసమున ప్రయోగించినది ఆయనయే.

ఆ పల్లె విషయములపై సంవత్సరముల తరబడి సిద్ధము చేసికొన్న కాగితముల మూడు ప్రతులును, 1970 ఏప్రిలు 24వ తేదీన, అమెరికాలో స్టాన్‌ఫర్డు వద్ద ఆయన పనిచేయుచున్న భవనమునకు దుండగులు నిప్పుపెట్టగా కాలిపోయినవి. రికార్డు గదిలో పనిచేసిన మాకు ఆ పుట చదువునప్పుడు చేయి వణకినది. మూడు ప్రతులను ఒకే కప్పు క్రింద నుంచుట ఏ కచేరి నియమము? సోల్ టాక్సు అను మిత్రపండితుడు, జ్ఞాపకముననున్నది వ్రాయుమని ప్రోత్సహించెను. 1976లో ‘జ్ఞాపకముననున్న పల్లె’ అను అర్థమిచ్చు పేరుతో ఆ గ్రంథము వెలువడెను. ఆయన గ్రంథములలో సామాన్యులకు సైతము చదువదగినది అదియే.

సముద్రము దాటక ఈ విద్య రాదని మా అభిప్రాయము కాదు. నాగపురమున పట్టము పొంది, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేసిన శ్యామాచరణ దూబే, హైదరాబాదునకు చేరువనున్న శామీర్‌పేట తెలుగు పల్లెను పరిశోధించి వ్రాసిన గ్రంథమును 1955లో లండనువారే అచ్చువేసిరి. ఢిల్లీలో శ్రీనివాసుగారు 1959లో శాఖను నెలకొల్పిన పిదప మన దేశముననే మంచి శిక్షణ దొరకుచున్నది. కనుక పోగల పిల్ల పోవచ్చును, పోలేని పిల్ల చింతింప బనిలేదు.

అయితే మన వంటివారిని గూర్చియే, అనగా ఇల్లు విడిచి వేరుచోట స్థిరపడినవారిని గూర్చియే, చికాగో పండితులు చేసిన పని యొకటి కలదు. దానిని చెప్పకుండ ముగింపలేము. పోలండు దేశపు రైతులు లక్షలాదిగా అమెరికాకు వలస పోయిరి. వారి బ్రదుకు తెలిసికొనుటకు విలియం థామసు అను ఆచార్యుడు, ఫ్లోరియన్ జనానియెక్కి అను పోలండు పండితుడును కలిసి, వలసపోయినవారికి ఇంటి నుండి వచ్చిన ఉత్తరములను సేకరించిరి. చికాగోలోని పోలండు భాషా పత్రికలో ప్రకటన వేసి, ఒక్కొక్క ఉత్తరమునకు కొన్ని సెంట్ల వెల ఇచ్చి కొనిరి. ఆ ఉత్తరములలో మహావిషయములేవియు లేవు. ఆవు ఈనినది, చెల్లెలికి సంబంధము చూచుచున్నాము, డబ్బు ఎప్పుడు పంపుదువు, నీవు మమ్ము మరచితివా. వానినే ఆధారముగా చేసికొని 1918 మొదలు 1920 వరకు 5 సంపుటములు వెలువరించిరి. దూరమైన కుటుంబము ఎట్లు సడలును, క్రొత్తచోట సంఘము లెట్లు పుట్టును అను విషయమున ఆ గ్రంథము నేటికిని మొదట పేర్కొనబడుచున్నది.

అట్టి ఉత్తరములు మన ఇండ్లలో లేవా? తెలుగు కార్డులు, పెండ్లి పద్దుల పుస్తకములు, చదివింపుల జాబితాలు, 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల కూలి చీట్లు, 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో నున్న యానాములో ఫ్రెంచి భాషలో వ్రాయబడిన జనన వివాహ పత్రములు. పాత ఇల్లు పడగొట్టినప్పుడెల్ల ఇవి కాగితములు కొనువానికి తూకమునకు పోవుచున్నవి. పిల్లలకు తెలుగు లిపి రాదు గనుక అందేమున్నదో చూచు దిక్కును లేదు. విదేశములలో ఈ శాస్త్రము చదివి వచ్చిన పిల్ల ఒకతె రేపు మన వాకిట నిలిచి ‘మనవారు ఇచటికి ఎప్పుడు వచ్చిరి, ఎవరితో వచ్చిరి, ఏమి తిని బ్రదికిరి’ అని అడిగినయెడల, చూపుటకు మనయొద్ద ఏమి మిగులును? శ్రీనివాసుగారికి జ్ఞాపకమైన నుండెను. మన పెద్దల జ్ఞాపకములు ఏటేట తరలిపోవుచున్నవి.

మా తండ్రిగారి రేకుపెట్టెలో స్వగ్రామము నుండి వచ్చిన కార్డులును, కవరులును మూడువందలకు పైగా ఉన్నవి. కొన్నిటి సిరా వెలిసినది, కొన్నిటిని పురుగు తిన్నది. తేదీల వరుసన పేర్చి, కట్టలు కట్టి, ప్రతి కట్టకు చీటీ అంటించుట గుమాస్తా పనియే గనుక, గడచిన సంక్రాంతి నుండి ఆ పని సాగించుచున్నాము. పనికివచ్చినవానిని మా మనుమరాలు తన చరవాణితో ఫొటోలు తీసి ఒక ప్రతిని ఆమెయొద్ద, ఒక ప్రతిని మరియొక ఊర నున్న మా తమ్ముని ఇంట ఉంచినది. ఇంకను రెండు కట్టలు మిగిలియున్నవి.